రెండంతస్తుల నడుమ నూరున్నీసా

మొగుడు పక్కనే ఉండగా నూరున్నీసాను విధవను చేశారు. ధరూర్ దిక్కు ఒక ఊళ్ళో, పట్టపగలు, వాకిలి నిండా ఉన్న ఆడవాళ్ళ ముందర.

ఆ వాకిలి హన్మమ్మది. ఆమె బిడ్డ మాలతికి ఆ రోజు శ్రీమంతం. కడుపుతో ఉన్న పిల్లకు మొదటి జత గాజులు గాజులామె చేతి మీదుగానే ఎక్కాలని ఆ ఇంట్లో పట్టింపు. ముత్తైదువలు తొడిగేది ఆ తర్వాతే. అందుకని గద్వాల నుంచి గాజుల యూసుఫ్‌ను, అతని భార్య నూరున్నీసాను పిలిపించారు. కొత్తగా పిలిచిందేమీ కాదు. హన్మమ్మ పెళ్ళికి తొడిగింది నూరున్నీసాయే. మాలతి పుట్టినప్పుడు ఇంత చేతికి నల్లగాజులు వేసిందీ ఆమే.

వాళ్ళ వ్యాపారంలో పని రెండు వాటాలు. మోయడం, తాడు విప్పడం, మిగిలినవి మళ్ళీ గుచ్చి కట్టడం యూసుఫ్ వాటా. చెయ్యి పట్టడం నూరున్నీసా వాటా. ఎంత గట్టి చెయ్యయినా, కలుపు తీసి కాయలు కాసిన చెయ్యయినా, ఆమె తన ఒళ్ళో పెట్టుకుని బొటనవేలి మొదట్లో మెల్లగా పిసుకుతూ ఏదో ఒక కబురు చెప్పేది. కబురు అయ్యేసరికి గాజు మణికట్టు మీద ఉండేది. నొప్పి తెలిసేది కాదు. తొడిగించుకున్న వాళ్ళు లేచి గాజులకూ ఆమెకూ కలిపి ఒక దండం పెట్టేవాళ్ళు. యూసుఫ్ మాటకారి కాదు. పక్కన కూర్చుని ఆ కబుర్లు వింటే చాలు, అతనికి ఆ పూటకు మాట్లాడినట్టే ఉండేది.

ఆ రోజు నూరున్నీసా చాప మీద కూర్చుని మాలతి చెయ్యి అందుకోబోయింది. పొడుగు చేతుల రవిక జారి మణికట్టు బయటపడింది. హన్మమ్మ చూసింది.

"నూరక్కా, నీ చేతుల గాజులేవి?"

"డాక్టరు తీయమన్నడు హన్మమ్మా. ఒరుసుకున్న తానల్లా లేస్తదంట ఈ రోగం."

"ఒక్కటి గూడ లేకుంటనా?"

"ఒక్కటి గూడ."

వెనక నుంచి ఎవరో ముసలామె గొణిగింది. "బోడి చేతులతోని కడుపుతోని పిల్లకు తొడుగుతదా ఏంది."

హన్మమ్మ బిడ్డ చేతిని వెనక్కి లాగింది. విసురుగా కాదు. వేడి గిన్నె మీద నుంచి తీసినట్టు తీసింది. "తప్పు పట్టుకోకక్కా. జర ఇట్ల పక్కకు కూసో. సాయిబు తొడుగుతడు తియ్యి."

యూసుఫ్ తాడు విప్పుతున్నవాడు తలెత్తాడు. "నేను బతికే ఉన్న గద హన్మమ్మా."

వాకిలంతా నవ్వింది. ఒక కోడలు పిల్ల అంది, "ఉన్నవులే మామా, మంచిగ కనవడ్తున్నవు. గాజులే కనవడ్తలేవు."

ఆ నవ్వులోనే ఇంకొకామె నూరున్నీసా చేతి వెనక భాగం చూసింది. ఎర్రటి మచ్చ, దాని మీద తెల్లటి పొట్టు. "గదేంది, చాప మీద రాల్తుంది" అని తన చంటిదాన్ని ఎత్తుకుని అవతలికి జరిగింది. ఆమె జరిగితే పక్కనామె జరిగింది. చూస్తుండగానే చాప మీద నూరున్నీసా ఒక్కతే మిగిలింది.

యూసుఫ్‌కు చెవులు కాలాయి. బోడి చేతులు అన్నది ఎవరు? మొగుడు చచ్చినప్పుడు గాజులు పగలగొడతారు. నూరున్నీసా పగలగొట్టలేదు. గిన్నెలో సబ్బునీళ్ళు పెట్టుకుని, ఒక్కొక్కటే జార్చి, తుడిచి, గుడ్డలో చుట్టి దాచుకుంది. చిన్నప్పటి నుంచి ఎన్నడూ ఖాళీగా లేని చేతులు. తీసినాక రెండు రోజులు నడుస్తుంటే తన చప్పుడు తనకే వినిపించక ఆగి ఆగి చూసుకుంది. అవన్నీ ఈ వాకిలికి ఏం తెలుసు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

లేచి గాజులు కట్టుకుని వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళిపోతే గాజుల నూరున్నీసాను వాకిట్లోంచి పంపించేశారట అని ఊరూరా చెప్పుకుంటారని అతనికి తోచింది. పని జరిగిపోతే మాట పెరగదు అనుకున్నాడు. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాడు. అందుకే చాప మీద భార్య పక్కకు జరిగిన చోట తాను కూర్చుని, మాలతి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

కబురేమీ చెప్పలేదు. అతనికి రావు. మాలతి పళ్ళు బిగబట్టి తొడిగించుకుంది. ఆ పిల్ల అంతసేపూ అతని వైపు చూడలేదు, నూరున్నీసా వైపే చూసింది. నూరున్నీసా మాత్రం మొగుడి చేతుల్ని చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎక్సెల్ బండి మీద ఆమె ఎప్పటిలా అతని భుజం పట్టుకోలేదు. వెనక ఇనుప కమ్మీ పట్టుకుంది.

*

రోగం అప్పటికి రెండేళ్ళ నాటిది. మొదట మోచేతుల మీద వచ్చింది. తామర అన్నారు, మందులషాపులో ట్యూబు ఇచ్చారు. తలలోకి పాకింది. చుండ్రు అన్నారు. చేతుల మీదికి వచ్చినాక గద్వాలలో చర్మం డాక్టరు దగ్గరికి పోతే సోరియాసిస్ అని పేరు చెప్పాడు. అంటుకోదు అన్నాడు. అంతవరకు మంచిదే. అంటుకోదన్న మాట డాక్టరు గదిలోనే ఉండిపోయింది. ఊళ్ళకు పొట్టు ఒక్కటే పోయింది.

శ్రీమంతం తర్వాత నూరున్నీసా ఇల్లు కదల్లేదు. నాకు బాగలేదు, నువ్వు పోయిరా అంది. యూసుఫ్ ఒక్కడే పోయాడు. మల్దకల్ అంగడిలో కూర్చున్నాడు. పెద్దవాళ్ళు చెయ్యి ఇచ్చారు, వయసు పిల్లలు గాజులు కొనుక్కుని ఇంట్లో వేసుకుంటామని వెళ్ళిపోయారు. ఆమెకు విశ్రాంతి దొరుకుతోంది కదా అని అతను సరిపెట్టుకున్నాడు.

విశ్రాంతి అలా ఉండదని తెలియడానికి కొంతకాలం పట్టింది. పొద్దున లేచి గోడ వైపు తిరిగి పడుకునేది. అన్నం ముందర పెడితే కలిపి కలిపి వదిలేసేది. మచ్చలు వీపు మీదికి, కాళ్ళ మీదికి దిగాయి. పక్క దులిపితే పొట్టు. ఆమె దులపడం మానేసింది. అతను దులిపేవాడు. ఇంట్లో వాళ్ళు ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు, కోపం వస్తే ఇద్దరికీ తెలుగే వచ్చేది. ఇప్పుడు ఆమె నోట ఏ భాషా లేదు. పక్కింటి ఆమె వచ్చి, "కూసొని కూసొని ఒళ్ళు బరువైంది, లేచి నాలుగు అంట్లు తోముకుంటే అదే పోతది" అని చెప్పి వెళ్ళింది. యూసుఫ్ తలుపు గట్టిగా వేశాడు. అతనికి చేతనైన జవాబు అదే.

గద్వాల డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకుపోయాడు. తిండి లేదు, నిద్ర లేదు, మాట లేదు అని చెప్పాడు. డాక్టరు చేతులు చూశాడు, వీపు చూశాడు, ట్యూబు మార్చాడు. ముఖం చూడలేదు. "టెన్షన్ తగ్గించుకోవాలమ్మా, టెన్షన్ ఉంటే ఇది తగ్గదు" అని గంట కొట్టాడు. తర్వాతి మనిషి లోపలికి వచ్చేశాడు.

ఉప్పు తగ్గించుకో అన్నట్టు, చక్కెర తగ్గించుకో అన్నట్టు. టెన్షన్ ఏ డబ్బాలో ఉంది, ఎంత చెంచా తగ్గించాలి, అది చెప్పే బాధ్యత ఎవరిది? యూసుఫ్ దారి పొడుగునా లోపల లోపలే అడిగాడు. పైకి ఆటోవాడితో, "జర మెల్లగ నడుపు" అన్నాడంతే.

*

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, అంజుమ్. వనపర్తిలో అత్తగారింట్లో ఉండి బట్టలు కుడుతుంది. తల్లి ఫోన్ ఎత్తడం లేదని గద్వాల వచ్చింది. తల్లి తల దువ్వుదామని కూర్చుంటే ఆమె తల వంచేసుకుని, "నా మీద ఇంత మట్టి పడితే మీ అందరికి నిమ్మళం" అంది. మామూలుగా అంది, కూరలో ఉప్పు చాలలేదు అన్నట్టు.

అంజుమ్ దువ్వెన అక్కడే పెట్టి వంటింట్లోకి వచ్చింది. తండ్రి పొయ్యి దగ్గర ఉన్నాడు.

"అబ్బాజాన్, ఎన్నొద్దుల సంది గిట్ల మాట్లాడుతుంది?"

"మాట్లాడుతలేదు."

"మాట్లాడుతలేకుంటే నాకెందుకు చెప్పలే? నాగర్‌కర్నూల్‌ల ఒక దవాఖాన ఉన్నది. చర్మం డాక్టరు, మనసు డాక్టరు ఇద్దరు ఒక్క బిల్డింగుల్నే ఉంటరు. రేపు పోదాం."

"మనసు డాక్టరా" అన్నాడు యూసుఫ్. పిచ్చి అనే మాట అతని నాలుక మీదికి వచ్చింది. బిడ్డ చూపు చూసి మింగాడు.

ఆ రాత్రికి వనపర్తిలో అంజుమ్ ఇంట్లో ఆగారు. ఆమె అత్త మర్యాద తెలిసిన మనిషి, మాట పెద్దది చేసే రకం కాదు. అందరికీ పింగాణీ కప్పుల్లో చాయ్ పోసింది. నూరున్నీసాకు మాత్రం స్టీలు గ్లాసు. పక్కనే స్టీలు పళ్ళెం, విడిగా ఒక దుప్పటి. "ఆమెకు సులువుగ ఉంటదని" అంది, ఎవరూ అడగకుండానే.

అంజుమ్ ఆ గ్లాసు తీసుకుని తాను తాగింది. తన కప్పు తల్లి చేతిలో పెట్టింది. అత్త చూస్తూ ఉండిపోయింది. ఇంత చిన్న పనికి తన బిడ్డ ఈ ఇంట్లో ఎంత కాలం మాట పడాలో యూసుఫ్‌కు తెలుసు.

*

దవాఖాన రెండంతస్తులు. కింద చర్మం డాక్టరు జయపాల్. పైన మనసు డాక్టరు సుహాసిని. మధ్యలో మెట్లు, మెట్లు మలుపు తిరిగే చోట ఒక చిన్న కిటికీ.

జయపాల్ మంచివాడే. ముఖం కూడా చూశాడు. పాత ట్యూబులు చూపించమన్నాడు. యూసుఫ్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ నిండుగా ఉన్నాయి.

"పూస్తలేవా అమ్మా?"

నూరున్నీసా తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు పూస్తలేవు?"

జయపాల్ ఆమెను కాసేపు చూసి, కాగితం మీద రాశాడు. "పెద్ద మందు మొదలుపెట్టాలె. కానీ ఈ పరిస్థితుల పెట్టను. పూయమన్న మందే పూయనామె అది ఎట్ల వాడుతది. ముందు పైకి పోయి మనసు డాక్టరుకు చూపించుకోండి. అక్కడ కుదిరినంక నా దగ్గరికి రండి."

పైకి పోయారు. పైన గది ముందు సతీశ్ అనే కుర్రవాడు కౌంటరులో ఉన్నాడు. కాగితం చదివి, నూరున్నీసా చేతులు చూశాడు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"ఇది స్కిన్ కేసు పెద్దాయనా. కింద."

"కిందికెల్లే వచ్చినం."

"స్కిన్ తగ్గినంక రండి మరి. అది తగ్గితే మనసు అదే మంచిగైతది. మేడం ఈ రోజు ఫుల్ బిజీ."

"మేడం చెప్పిందా గీ మాట, నువ్వు చెప్తున్నవా?"

"ఎవరు చెప్తేంది. రోజు చూస్తుంటం గద."

కిందికి దిగారు. చర్మం డాక్టరు గది ముందు ఆయా ఆపింది. "సారు పైకి రాసిండు గద తాతా. మళ్ళ ఎందుకొచ్చిండ్రు? పైన రాపిచ్చుకొని రాండ్రి."

మళ్ళీ మెట్లు. నూరున్నీసా మలుపు దగ్గర ఆగింది. కిటికీ కింద మెట్టు మీద కూర్చుండిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని, చేతులు రెండూ కొంగు లోపలికి దాచేసుకుంది.

"ఇంటికి పోదాం" అంది. "ఇగ నన్ను తిప్పకుండ్రి. నాకేం గాలే."

అంజుమ్ ఏడుపు ముఖంతో ఒంగి తల్లి చెయ్యి పట్టుకుంది. "పోదామమ్మీ. ఇంకొక్కసారి పైకి పోయి అడుగుతం."

యూసుఫ్ పైకి పోలేదు, కిందికి పోలేదు. భార్య పక్కన అదే మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరు కూర్చుంటే మెట్టు నిండిపోయింది. పై నుంచి దిగేవాళ్ళు ఆగారు. కింది నుంచి ఎక్కేవాళ్ళు ఆగారు.

"పెద్దాయనా, దారి" అన్నారెవరో.

"లేదు" అన్నాడు యూసుఫ్.

"ఏంది లేదు?"

"దారి."

సతీశ్ పై నుంచి తొంగి చూశాడు. "ఏయ్ తాతా, గక్కడ కూసోవద్దు. పేషెంట్లు తిరిగే తావు."

అప్పుడు యూసుఫ్ మాట్లాడాడు. అంత గొంతు తనలో ఉందని అతనికే తెలియదు. కాయితాలు పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు.

"నేను పెండ్లి చేసుకున్నది ఒక్క మనిషిని. నిఖా ఒక్క మనిషితోనే అయింది. ఆమె తోలు వేరే, ఆమె మనసు వేరే అని ఆనాడు ఎవ్వరు చెప్పలే. మీరు ఆమెను రెండు ముక్కలు చేసిండ్రు. కిందోళ్ళు పై ముక్కను బాగు చేసుకొని రమ్మంటరు, పైనోళ్ళు కింది ముక్కను బాగు చేసుకొని రమ్మంటరు. ఏ ముక్కను ఏ అంతస్తుల ఇడిసిపోవాలె, చెప్పుండ్రి. ఇడిసిపెట్టి నేను పోత. రెండు ముక్కలు మంచిగైనంక ఫోన్ చేయుండ్రి, వచ్చి కుట్టుకొని తోల్కపోత."

మెట్ల మీద ఎవరూ నవ్వలేదు. "అబ్బాజాన్, లే" అని అంజుమ్ గొణిగింది. నూరున్నీసా కొంగు చాటు నుంచి అతన్ని చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు మాట్లాడగా ఆమె వినలేదు.

పైన తలుపు తెరుచుకుంది. సుహాసిని బయటికి వచ్చింది. చిన్న వయసు. మెడలో గుర్తింపు కార్డు ఒక పక్కకు తిరిగి ఉంది. సతీశ్ ఏదో చెప్పబోతే వినలేదు. దిగి వచ్చి, వాళ్ళ కంటే ఒక మెట్టు కింద కూర్చుంది. యూసుఫ్‌ను పలకరించలేదు.

"అమ్మా, నీ పేరేంది?"

"నూరున్నీసా."

"చేతులు చూడొచ్చా?"

నూరున్నీసా కొంగులోంచి చేతులు తీయలేదు. సుహాసిని తన చెయ్యి చాపి, అలాగే పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు. చివరికి నూరున్నీసా ఒక చెయ్యి బయటికి తీసింది. డాక్టరు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. డాక్టరు చేతులకు గ్లవుజులు లేవు.

"పైకి నడవగలవా, ఇక్కడే మాట్లాడుకుందామా?"

"ఈడనే" అంది నూరున్నీసా.

సుహాసిని సతీశ్‌తో జనాన్ని కాసేపు పైనా కిందా ఆపమంది, జయపాల్‌ను పిలవమంది. ఆయన వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను పైకి రాసింది మంచికే" అన్నాడు. "తెలుసు సార్" అంది ఆమె. "కానీ కాగితం పంపినం మనం. ఫోన్ చేసుకోలేదు."

తర్వాత నూరున్నీసా వైపు తిరిగింది. "అమ్మా, ఇది తోలుకు మాత్రమే వచ్చిన రోగం కాదు. మన ఒంట్లో మనల్ని కాపాడే కావలి ఒకటి ఉంటది. అది దారి తప్పి మన మీదికే తిరుగుతది. ఒంట్లో మంట పుడ్తది. తోలు మీద అది మచ్చయి కనవడ్తది. అదే మంట రక్తంల తిరిగి తల దాకా పోతదని, మనసును గూడ కుంగదీస్తదని ఇప్పుడిప్పుడు తెలుస్తుంది. అంతా తెలిసిపోయిందని చెప్పను. కానీ ఈ రోగం ఉన్నోళ్ళల్ల కుంగుబాటు ఎక్కువ. అది మేం చూస్తనే ఉన్నం. కుంగినంక తోలు ఇంక రేగుతది. మంది చూసే చూపు దానికి తోడు. నువ్వు బద్ధకం చేస్తలేవు. నీ తప్పు ఏం లేదు."

"మరి టెన్షన్ తగ్గించుకొమ్మన్నరు" అన్నాడు యూసుఫ్. ఇంకా ఆవేశం దిగలేదు.

"చెప్పంగనే తగ్గేదైతే నేనీడ కూసునే పని లేదు తాతా."

ఆమె మళ్ళీ నూరున్నీసానే చూసింది. గొంతు తగ్గించింది. "ఒక్కటి అడుగుత. దాచకు. చచ్చిపోవాలె అనిపిస్తుందా?"

యూసుఫ్ చటుక్కున లేవబోయాడు. "గదేం మాట డాక్టరమ్మా, లేనిది నువ్వే నోట్లె పెడ్తవా?"

"అడిగితే కొత్తగా పుట్టదు తాతా. అడగకుంటేనే లోపల పెరుగుతది. నువ్వు కూసో."

నూరున్నీసా కిటికీ వైపు చూస్తూ అంది. "అనిపిస్తది."

"ఏమన్న చేసుకోవాలని అనుకున్నవా?"

"లేదు. పొద్దున లేవకుంటె బాగుండు అనిపిస్తది. గంతే."

"ఎప్పటి సంది?"

యూసుఫ్‌కు జవాబు తెలుసు. ఆ వాకిలి, ఆ నవ్వు, ఆ ముసలామె, చంటిదాన్ని ఎత్తుకుని జరిగిన ఆమె. వాళ్ళందరి పేర్లూ చెప్పించాలని అతని ఒళ్ళంతా ఎదురుచూసింది.

"ఈన మాలతికి గాజులు తొడిగిన కాడికెల్లి" అంది నూరున్నీసా.

కాసేపు అతనికి ఆ మాట అర్థం కాలేదు. ఆడవాళ్ళన్న మాటలు కాదట. హన్మమ్మ కాదట.

"ఆళ్ళు అననీ. ఆళ్ళకు తెల్వదు" అంది ఆమె. ఒక్కో మాటా వెతుక్కుంటూ. "ఈనకు తెలుసు గద. ఇంట్ల నా వీపుకు నూనె రాసేటోడు. అంటుకోదని తెలిసినోడు. ఈన లేసి, పా, పోదాం అంటె నేను లేచిపోదును. ఈనే నా తావుల కూసుండె. ఇగ నేనెందుకు అనిపిచ్చింది."

జయపాల్ నేల చూశాడు. అంజుమ్ తండ్రిని చూసింది. యూసుఫ్‌కు ఇంతదాకా ఉన్న కోపమంతా ఇప్పుడు ఎవరి మీద పొయ్యాలో తెలియలేదు. నోరు తెరిచాడు. ఊళ్ళో మాట పెరుగుతుందని, నీ మంచికే అని, ఏదో ఉంది చెప్పడానికి. తప్పు పట్టుకోకక్కా అని హన్మమ్మ అన్నదీ ఇలాంటిదే కదా అని తోచి, నోరు మూసుకున్నాడు.

డాక్టర్లిద్దరూ అక్కడే, మెట్ల మీదే మాట్లాడుకున్నారు. మనసుకు మందు ఈ రోజే మొదలు. చర్మానికి పెద్ద మందుకు ముందు రక్తం పరీక్ష. వారానికొకసారి రావాలి, ఇద్దరూ ఒకే పూట చూస్తారు. మందు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈ లోపల ఆమెను ఒంటరిగా వదలొద్దని, ఆ ఆలోచన గట్టిపడితే ఏ వేళైనా ఫోన్ చేయమని సుహాసిని నంబరు రాసి అంజుమ్‌కు ఇచ్చింది. లేచేటప్పుడు నూరున్నీసాతో అంది, "పనికి పోవాల్నా వద్దా అనేది నీ ఇష్టమమ్మా. ఇంకెవ్వరిది కాదు."

*

తిరుగు బస్సు ఆడవాళ్ళతో కిక్కిరిసి ఉంది. నూరున్నీసాకు కిటికీ పక్కన సీటు దొరికింది. యూసుఫ్ పక్కన ఇరుక్కున్నాడు. అంజుమ్ ముందు వైపు నిలబడింది. నూరున్నీసా ముందు సీటు కమ్మీ పట్టుకుంది. ఆ సీట్లో కూర్చున్నామె వెనక్కి చూసి, ఆ చెయ్యి చూసి, కొంగు ముందుకు లాక్కుంది.

యూసుఫ్ ఏదో అనబోయాడు. నూరున్నీసా అతని మోకాలి మీద తట్టి ఆపింది.

"అంటుకునేది కాదమ్మా" అంది ముందామెతో. "అంటుకునేదైతే ఇగో, ఈ ముసలాయనకు ముందుగాల అంటుకోవాలె. నున్నగ ఉన్నడు చూడు."

ముందామె యూసుఫ్‌ను నెత్తి నుంచి చేతుల దాకా పరిశీలనగా చూసింది. సందేహం తీరినట్టు కొంగు వదిలేసింది.

బస్సు ఊరు దాటింది. నూరున్నీసా కిటికీ వైపే చూస్తూ ఉంది. ఉన్నట్టుండి తెలుగులో మొదలుపెట్టింది.

"నన్ను అడిగినవా ఆ పొద్దు?"

"ఏంది?"

"నేను తొడుగుత అని కూసున్నవు గద. నన్ను అడిగినవా?"

"అడగలే."

"ఈ పొద్దు మెట్ల మీద కూసున్నవు. గంత మంది ముందట మొత్తుకున్నవు. నన్ను ఈడ ముక్క ఆడ ముక్క అంటివి. నేనేమన్న పొట్లమా? నన్ను అడిగినవా?"

"లేదు."

"నోట్లె మాట లేని మనిషి అనుకొని ఇన్నేండ్లు ఎల్లదీస్తి. మాట ఉన్నది నీకు. ఉండి దాచుకున్నవు. హన్మమ్మ వాకిట్ల తీయాల్సింది తీసుకపోయి నాగర్‌కర్నూల్‌ మెట్ల మీద తీస్తివి."

గొంతు లేస్తోంది. చుట్టూ తలలు తిరుగుతున్నాయి. వెనక సీటులో ఒక పెద్దాయన కలగజేసుకున్నాడు. "పోనీలెమ్మా, పెద్దమనిషి. మందిల ఏమనకు."

నూరున్నీసా వెనక్కి తిరిగింది. "నీకేం తెలుసు పెద్దమనిషో చిన్నమనిషో? నీ ఇంటామెను అడుగు పో, నువ్వెంత పెద్దమనిషివో."

బస్సు సగం నవ్వింది. పెద్దాయన పేపరు తీసుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కండక్టరు వచ్చి ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు చూపించమన్నాడు. ఆమె తిట్టు ఆపకుండానే రవికలోని సంచీ తీసి కార్డు చూపించింది. మచ్చలు నిండిన చెయ్యి దాచలేదో, దాచడం మర్చిపోయిందో.

యూసుఫ్ తల వంచుకుని వింటున్నాడు. ప్రతి మాటా నిజమే. కొన్ని మాటలు నిజం కంటే ఎక్కువే ఉన్నాయి, పెళ్ళినాటివి కూడా తవ్వుతోంది. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఇన్ని నెలల నుంచి గోడ వైపు తిరిగి ఉన్న మనిషి తన వైపు తిరిగి ఉంది. బస్సు నెమ్మదిగా పోతే బాగుండుననిపించింది.

వనపర్తి దగ్గరపడుతుంటే ఆమె అలిసింది. ఊపిరి తీసుకుంది. కమ్మీ మీద నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. ముఖం మళ్ళీ గోడ వైపు తిరిగిన నాటి ముఖమే అయిపోయిందేమో అని అతను భయంతో వంగి చూశాడు.

కళ్ళు తెరవకుండానే అంది. "వచ్చే వారం నేను, అంజుమ్ పోతం. నువ్వు రావద్దు. ఎక్కడవడితె అక్కడ కూసుంటవు."

యూసుఫ్ ఈసారి అడిగాడు. "వస్త. బయట చాయ్ హోటల్ల ఉంట. ఉండొచ్చా?"

ఆమె ఒక కన్ను తెరిచి అతన్ని చూసింది. అతను తొందరపెట్టలేదు.